ఉల్లిపాయలు తరుగు విధానము

ఉల్లి ముట్టని యిండ్లు కొన్ని కలవు. తక్కిన మన యిండ్లన్నిటిలోను పొయ్యి వెలిగించిన తోడనే మొదట చేతికి వచ్చునది ఉల్లిపాయ. ఉప్మాకు అది కావలెను, పులుసునకు కావలెను, పెరుగుపచ్చడికి కావలెను. "ఉల్లి చేసిన మేలు తల్లి కూడ చేయదు" అని పెద్దలు సామెత చెప్పిరి. ఇంత నిత్యమైన వస్తువును చక్కగా తరుగువారు మాత్రము తక్కువ. ఒక ముక్క లావు, ఒక ముక్క సన్నము, కొంత నేలపాలు, కన్నుల నిండ నీరు, వ్రేలికి గాయము: ఇది తరచుగా కనబడు తీరు.

ఈ పాఠమునందు ఉల్లిని ఒద్దికగా తరుగు విధమును క్రమముగా చెప్పదలచినాము. ఇది చేతిపనియే యైనను దీనియందు వృక్షశాస్త్రము కొంత, రసాయనశాస్త్రము కొంత, మన తెలుగుభాష చాల ఇమిడియున్నవి. బాలురు "ఇది ఆడపిల్లల పాఠము" అని పుట త్రిప్పివేయరాదు. ఆకలి అందరికి ఒకటే. అట్టిచో వంటయింటి పని కొందరికి మాత్రమే చెందుట న్యాయము కాదు. రేపు చదువునకో ఉద్యోగమునకో ఇల్లు విడిచి బెంగుళూరు గాని, చెన్నపట్టణము గాని పోవు బాలునకు మొదటిదినముననే అక్కరకు వచ్చు విద్య యిది.

ఉల్లికి గల పేరులు

కోస్తా జిల్లాలలో దీనిని ఉల్లిపాయ యందురు. తెలంగాణమున ఉల్లిగడ్డ యందురు. రాయలసీమలోను, దానికి చేరువగా నున్న మన హోసూరు ప్రాంతమునను ఎర్రగడ్డ యనుట వాడుక. దానికి జోడుగా వెల్లుల్లిని తెల్లగడ్డ యందురు. గ్రంథములలో నీరుల్లి యను పేరు కనబడును. మేము ఉపాధ్యాయ శిక్షణకై పొరుగురాష్ట్రమున నున్న దినములలో, భోజనశాలయందు "ఎర్రగడ్డలు" అనినప్పుడెల్ల తోడివారు నవ్వెడివారు. హైదరాబాదులో ఆ పేరు గల పేట యొకటి కలదు. వారికి ఆ పేటయే తోచెడిది. కాని ఇందులో ఏ పేరును తప్పు కాదు. ఇంట అవ్వ పలికిన మాట పుస్తకములో లేనంత మాత్రమున తక్కువది కాజాలదు.

అంగడిలో తమిళులు వెంగాయమనియు, కన్నడిగులు ఈరుళ్ళి యనియు అడుగుదురు. కన్నడపు ఈరుళ్ళిని, బెళ్ళుళ్ళిని మన నీరుల్లి, వెల్లుల్లి ప్రక్కన ఉంచి చూడుడు. తమిళ, మలయాళములలోను ఉళ్ళి యను మాట కలదు. ఈ భాషలన్నియు ఒక యింటి అక్కచెల్లెండ్రని చెప్పుటకు ఇంతకంటె సులభమైన నిదర్శనము అక్కరలేదు. పొరుగుభాష నేర్చుకొనుట వేరు, దానికై ఇంటిభాషను విడుచుట వేరు. మొదటిది లాభము, రెండవది నష్టము.

మన అంగళ్ళలో ముఖ్యముగా మూడు విధముల ఉల్లి దొరకును. పెద్ద ఉల్లిని తమిళనాట బళ్ళారి వెంగాయమనుట పరిపాటి. చిన్న ఉల్లి సాంబారులకు, పులుసులకు శ్రేష్ఠము. తమిళనాట పెరంబలూరు ప్రాంతమున విరివిగా పండును. గులాబి వన్నె గల ఉల్లి కోలారు, చిక్కబళ్ళాపురము, బెంగుళూరు గ్రామీణ ప్రాంతములది. దీనికి 2015లో భౌగోళిక గుర్తింపు లభించినది. చిన్న ఉల్లిని పొట్టు తీసి అట్లే వేయుదురు గనుక తరుగు శ్రమ లేదు. కావున ఈ పాఠము పెద్ద ఉల్లిని గూర్చినది.

ఉల్లి నిర్మాణము

ఉల్లి నేలలో పెరిగినను వేరు కాదు. కాయ అంతకంటెను కాదు. దీని శాస్త్రనామము అల్లియం సీపా. శాస్త్రమున దీనిని లశునమందురు. ఒక ఉల్లిని నిలువున రెండుగా కోసి చూడుడు. అడుగున వేళ్ళ కుచ్చు గల గట్టి బిళ్ళ యొకటి కనబడును. అదియే కాండము. దానిపై ఒకదాని నొకటి కప్పుకొనియున్న తెల్లని దళసరి పొరలు ఆకుల మొదళ్ళు. మొక్క తన ఆహారమును వానిలో దాచుకొనును. వెలుపలి పొరలు ఎండి పొట్టుగా మారి లోపలి రసమును కాపాడును.

తరుగువాడు దీనినుండి రెండు సంగతులు గ్రహింపవలెను.

మొదటిది: పొరలన్నిటిని పట్టియుంచునది అడుగున నున్న ఆ బిళ్ళయే. గడ్డిమోపునకు కట్టిన త్రాడు వంటిది అది. త్రాడు ముందే తెంపినచో మోపు చెదరిపోవును. అట్లే మొదలు ముందే కోసివేసినచో పొరలు జారి, ముక్కలు చెదరి, కత్తి ప్రక్కకు తొలగి వ్రేలిని గాయపరచును. కావున మొదలు కట్టకడపట కోయవలెను. ఈ పాఠమంతటిలో ఒక్క వాక్యమే జ్ఞాపకముంచుకొనదలచినచో దీనిని ఉంచుకొనుడు.

రెండవది: చదరపు ముక్క రావలెనన్నచో ఏ కూరగాయనైనను మూడు దిక్కుల కోయవలెను. బంగాళాదుంపను చూడుడు, నిలువున, అడ్డముగా, మరల పరుపుగా, మూడు విధముల కోసిన గాని చిన్న ముక్కలు కావు. ఉల్లికి రెండు దిక్కుల కోసిన చాలును. మూడవ దిక్కున పొరలు తమంతట తామే విడివడియున్నవి. ఈ మర్మము తెలియక కొందరు ఉల్లిని ఉంచినచోటనే పదిమార్లు నరికి రసమంతయు పిండివేయుదురు.

పనిముట్లు

మన యిండ్లలో పూర్వమునుండి ఉన్నది కత్తిపీట. తమిళమున అరివాళ్‌మణై, కన్నడమున ఈళిగెమణె, మరాఠీలో విళీ, ఒడియాలో పనికి అనుపేళ్ళతో ఇది చుట్టుప్రక్కల భాషలన్నిటిలోను ఉన్నది. ఇప్పుడు నిలుచుండి వంటచేయు గట్టులు వచ్చినవి గనుక చేతికత్తియు, పలకయు చాల యిండ్లలో చేరినవి. రెంటికి గల భేదమును గమనింపుడు. కత్తిపీటయందు కత్తి కదలదు, కాయ కదలును. చేతికత్తితో కాయ కదలదు, కత్తి కదలును. కదలవలసినది కదలి, నిలువవలసినది నిలిచినప్పుడే పని ఒద్దికగా నుండును.

కత్తిపీట ముందు కూర్చుండువారు పీటను పాదముతో గట్టిగా అదిమి పట్టవలెను. కాయను రెండు చేతులతో పట్టి వాదరకు నొక్కవలెను. వ్రేళ్ళు వాదరకు ఇరుప్రక్కల నుండవలెను గాని, ఎదురుగా నుండరాదు. పని ముగిసిన వెంటనే మడచునది మడచి, మడవరానిది గోడవైపు త్రిప్పి పసిపిల్లలకు దూరముగా పెట్టవలెను. దానిని దాటి నడువరాదు.

చేతికత్తి వాడువారు పలక క్రింద తడిబట్ట పరచినచో పలక జారదు. కాయను పట్టిన చేతి వ్రేళ్ళ కొనలను లోపలికి ముడుచుకొనవలెను. ముడిచిన వ్రేళ్ళ కణుపులు కత్తికి గోడవలె ఆనియుండి దారి చూపును. గోళ్ళకు, కొనలకు అపాయముండదు. ఒకరికి కత్తి యీయవలసినప్పుడు నేరుగా చేతికి ఈయక క్రింద ఉంచుట మన యిండ్ల ఆచారము. అది మంచి ఆచారము, విడువవద్దు.

కత్తి యేదైనను పదునుగా నుండవలెను. "పిల్లలకు మొద్దుకత్తి ఇచ్చిన భయము లేదు" అని కొందరు తలతురు. అది పొరపాటు. మొద్దుకత్తి పొరపైని జారును. జారకుండుటకై బలముగా నొక్కుదుము. బలముగా నొక్కిన కత్తి తప్పినప్పుడు గాయము పెద్దదగును. కావున కత్తిని అప్పుడప్పుడు సానబట్టించుడు. 10 ఏండ్లలోపు పిల్లలకు కత్తి ఈయక పొట్టు ఒలుచు పని మాత్రము అప్పగింపుడు. తరువాతను పెద్దలు ప్రక్కన నున్నప్పుడే అభ్యసింపనిండు.

తరుగు పద్ధతి

1. గట్టిగా, మెడ ఎండి, మొలక రాని ఉల్లిని ఎన్నుకొనుడు. మెత్తబడినదానిని, నల్లని బూజు లోపలి పొరలకు దిగినదానిని తీసివేయుడు.

2. తల భాగమును, అనగా ఎండిన మెడను, అరవ్రేలి మందమున కోసివేయుడు. మొదలు నుండి వ్రేళ్ళాడు వేళ్ళను మాత్రము తీసి, బిళ్ళను ఉంచుడు.

3. కోసిన తలవైపు పలకపై ఆనించి నిలిపి, మొదలు నడుమగా నిలువున రెండు సగములు చేయుడు. ప్రతి సగమునకు సగము బిళ్ళ ఉండవలెను.

4. ఇప్పుడు పొట్టు ఒలువుడు. రెండుగా కోసిన పిదప పొట్టు తేలికగా వచ్చును. పొట్టు క్రింద తోలువలె బిరుసుగా నున్న పొర యున్నచో దానిని కూడ తీయుడు. అది ఎంత వేగినను మెత్తబడదు.

5. కోసిన ముఖము పలకపై బోర్లించుడు. గుండ్రని వస్తువు దొర్లును, చదునైనది దొర్లదు. ఒద్దిక యంతయు ఈ బోర్లించుటలోనే ఆరంభమగును.

6. తలవైపునుండి మొదలువైపునకు నిలువు గాట్లు పెట్టుడు. గాటు మొదలు దాక పోరాదు. అరవ్రేలి మందము మిగుల్పవలెను. నడుమ గాట్లు నిటారుగా నుండనిండు. అంచులకు వచ్చినకొలది కత్తిని నడిబొడ్డువైపునకు కొంచెము వాల్పుడు. అంచులలో పొరలు నిలువుగా దిగును గనుక, నిటారుగా కోసినచో అచ్చట ముక్కలు పొడవుగా వచ్చును.

7. సగమును పక్కకు త్రిప్పి, అడ్డముగా తలవైపునుండి కోయుచు రండు. గాట్లమధ్య దూరమెంతో ఈ కోతల మధ్య దూరము నంతే ఉండవలెను. ముక్కలు వాటంతట అవియే రాలును.

8. మొదలు చేరినప్పుడు ఆగుడు. మిగిలిన బిళ్ళ చుట్టునున్న మెత్తని భాగమును చివరకు కోసికొని, గట్టి బిళ్ళను పారవేయుడు.

కత్తిపీటమీదను క్రమమిదియే. సగమును చేతబట్టి ముందు నిలువు గాట్లు, పిదప అడ్డకోత. మన అవ్వలు పలక లేకయే చేతిలోనే ఇట్లు తరుగుట చూచియుందురు. వారికి ఎవ్వరును ఈ శాస్త్రము చెప్పలేదు, చేయి చెప్పినది.

నిలువు చీలికలు కావలసినప్పుడు పద్ధతి కొంచెము మారును. సగమునుండి మొదటి బిళ్ళను ఏటవాలుగా రెండు కోతలతో తీసివేసి, తలనుండి మొదలువరకు సన్నని చీలికలుగా కోయుడు. చక్రములు కావలెనన్నచో ఉల్లిని సగము చేయక, పొట్టు ఒలిచి, అడ్డముగా కోయవలెను. దొర్లకుండుటకు ఒక ప్రక్క పలుచని చెక్క తీసి ఆ వైపు ఆనించుడు.

ఏ వంటకు ఏ తరుగు

అట్టు, ఉప్మా, పెరుగుపచ్చడి, పెసరట్టు: వీనికి సన్నని ముక్కలు. పకోడీలకు నిలువు చీలికలు. పిండి వానిని పట్టుకొనును, వేగిన పిదప కరకరలాడును. పులుసునకు పెద్ద ముక్కలు, లేదా చిన్న ఉల్లి. ఉల్లి నారలు తలనుండి మొదలునకు నిలువుగా నుండును. నారవెంబడి కోసిన చీలిక ఉడికినను ఆకారము నిలుపుకొనును. నారకు అడ్డముగా కోసినది త్వరగా కరగును. ముక్క కనబడవలెనన్నచో నిలువున, కలసిపోవలెనన్నచో అడ్డముగా కోయుడు.

ముక్కలన్నియు ఒక తీరున నుండవలెననుట అందమునకు మాత్రమే కాదు. లావు ముక్క వేగులోపల సన్నముక్క మాడును, మాడినది చేదగును. తాలింపు చెడినచో కూర చెడును. ఉల్లిని మిక్సీలో త్రిప్పినచో పని వేగముగనే యగును, కాని అందలి కణములు పగిలి నీరు కారి ముద్దయగును. ఆ ముద్ద వేగదు, ఉడుకును. నూరవలసినదానికి యంత్రము మంచిదే. తరుగవలసినదానికి చేయి మేలు. పొలమున రాగిసంగటితో ఎర్రగడ్డ నంజుకొనువారు పిడికిట గ్రుద్ది పగులగొట్టుదురు. అచ్చట దానికదే తగిన పద్ధతి.

కన్నీరు ఏల వచ్చును?

తరుగకముందు ఉల్లి కంట నీరు తెప్పించదు. దాని కణములలో గంధకము గల పదార్థ మొక గదిలోను, దానిని విడగొట్టు అలినేజ్ అను ఎంజైము వేరొక గదిలోను ఉండును. కత్తి తగిలి కణము పగిలినప్పుడు ఆ రెండును కలియును. దానినుండి పుట్టిన పదార్థమును మరియొక ఎంజైము తేలికగా ఆవిరియగు వస్తువుగా మార్చును. ఈ రెండవ ఎంజైమును 2002లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ ఆవిరి కంటి తడిలో కలిసి నరముల కొనలను మండించును. మంటను కడిగివేయుటకు కన్నీటి గ్రంథులు నీరు విడుచును. అనగా ఉల్లి తన్ను కొరుకవచ్చిన పురుగును తరుముట కుంచుకొన్న ఆయుధము మనపై పడుచున్నది. మన కన్ను తన్ను కాపాడుకొనుచున్నది.

ఎక్కువ కణములు నలిగినచో ఎక్కువ మంట. 2025లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉల్లి కోయునప్పుడు ఎగురు తుంపరలను పరీక్షించి, మొద్దుకత్తితోను, మితిమీరిన వేగముతోను కోసినప్పుడు తుంపరలు ఎక్కువగా లేచునని తెలిపిరి. పదునుకత్తితో నెమ్మదిగా తరుగుడని చెప్పు పెద్దల మాట ఇట్లు శాస్త్రమునకు సరిపోయినది. గాలి ఆడుచోట కూర్చుండుడు. ముఖము ఉల్లిమీదికి వంపకుడు. సగములను కొంచెముసేపు నీటిలో ఉంచినను మంట తగ్గును, అయితే తడి తుడిచి తరుగుడు, లేనిచో చేజారును. ఉల్లి చేతులతో కన్ను నులుమరాదు.

ఈ పనిలో నిలిచియున్న మాటలు

ఒకమారు మేము తరగతిలో "ఉల్లితో కూర చేయు విధమును వ్రాయుడు" అని అడిగితిమి. చాలమంది పిల్లలు చక్కగనే వ్రాసిరి. కాని ప్రతి వాక్యమునను "కట్ చేయవలెను" అనియే యున్నది. ఉల్లి కట్ చేయవలెను, మిరపకాయ కట్ చేయవలెను, కరివేపాకు కట్ చేయవలెను, కొబ్బరియు కట్ చేయవలెను! పిల్లలకు పని తెలియును, తెలుగును తెలియును; పనికి తగిన మాటలు మాత్రము చేజారినవి. పది మాటలు నిలువవలసినచోట ఒక్క మాట కూర్చున్నది.

మన భాషలో ఈ పనులకు వేరువేరు మాటలున్నవి. పంటను, పూవును, పండును కోయుదుము. కూరగాయను తరుగుదుము. వెల్లుల్లిని ఒలుచుదుము. బీరకాయకు చెక్కు తీయుదుము. పచ్చిమిరపకాయను చీల్చుదుము, గుత్తివంకాయను నాలుగు పక్షములుగా చీల్చి తొడిమతో నిలుపుదుము. తెగనీయక కత్తి దింపినచో గాటు పెట్టుట. ఆకుకూరను చేతితో త్రుంచుదుము. కొబ్బరిని తురుముదుము. కట్టెను నరుకుదుము. అల్లమును దంచుదుము, పచ్చడిని నూరుదుము. పనివలన వచ్చినదానికిని పేరులు కలవు: కొత్తిమీర తరుగు, కొబ్బరి తురుము. తరుగు అనగా తగ్గుదల అనియు అర్థము కలదు. చక్కగా తరిగినవానికి ఆ రెండవ తరుగు స్వల్పముగా నుండును.

ఈ మాటలు వట్టి అలంకారములు కావు. "గాటు పెట్టుము" అనినచో తెంపవద్దని అర్థము. "చీల్చుము" అనినచో నిలువున అని అర్థము. "తరుగుము" అనినచో వరుసగా చిన్నముక్కలని అర్థము. ఒక్కొక్క మాటలో ఒక్కొక్క పద్ధతి దాగియున్నది. మాట పోయినచో పద్ధతియు మరుగున పడును.

తల్లిదండ్రులకు మనవి

మన పిల్లలు అంగడిలో తమిళమో కన్నడమో వినుచున్నారు. చరవాణిలో ఆంగ్లము వినుచున్నారు. అది అవసరమే. తెలుగు వినుటకు వారికి మిగిలినవి బడియు, ఇల్లును. బడిలో మేము పద్యములు, వ్యాకరణము చెప్పగలము. కాని తరుగుట, త్రుంచుట, గాటు పెట్టుట అను మాటలు నల్లబల్లమీద నిలువవు. అవి కత్తిపీట ప్రక్కన, చేతిలో ఉల్లి యున్నప్పుడే నిలుచును. చెప్పుచు చేయించిన పనియే మాటను మనసులో నాటును.

కావున వారమునకు ఒక్కదినమైన మీ కుమారుని, కుమార్తెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పని పేరును తెలుగున పలుకుచు నేర్పుడు. వారు మొదట ముక్కలు వంకరగా తరిగినచో కసరకుడు. వంకరముక్కయు ఉడుకును. కసరుట వలన పిల్ల లేచిపోయినచో, దానితో పాటు పది మాటలును లేచిపోవును.

అభ్యాసము

1. ఉల్లి మొదలును కట్టకడపట ఏల కోయవలెను?
2. బంగాళాదుంపకు మూడు దిక్కుల కోత కావలెను. ఉల్లికి రెండు చాలును. కారణము వ్రాయుడు.
3. కోయుట, తరుగుట, చీల్చుట, త్రుంచుట, తురుముట: వీనిని సొంతవాక్యములలో ప్రయోగింపుడు. "కట్" అను మాట రారాదు.
4. ఒక ఉల్లిని సగము నిలువున, సగము అడ్డముగా చీలికలు చేసి, వేరువేరు గిన్నెలలో ఒకేసేపు ఉడికించి, భేదమును పరిశీలింపుడు. పెద్దలు దగ్గర నుండవలెను.
5. వంటయింటి పనులకు మీ యింట వాడు తెలుగు మాటలను మీ అవ్వనో అమ్మనో నాయననో అడిగి వ్రాసికొని రండు. పుస్తకములలో లేని మాట యొక్కటి తెచ్చినవారు తరగతిలో దానిని అందరికిని వివరింపవలెను.